ఏ కెర్నల్ కొత్తది? కమాండ్ లైన్‌లో లినక్స్ వెర్షన్లను పోల్చడం, వరుసలో పెట్టడం ఎలా

"5.9 పెద్దదా, 5.10 పెద్దదా?" సర్వర్ల పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇది. దాని వెనకాలే ఇంకో రెండు వస్తాయి. "అప్‌డేట్ చేశాను, అయినా పాత వెర్షనే ఎందుకు చూపిస్తోంది?" "బూట్ (కెర్నల్ ఫైళ్లు ఉండే డైరెక్టరీ) నిండిపోయింది, వీటిలో ఏది తీసేయొచ్చు?" ఈ మూడింటికీ ఒకేచోట జవాబు ఉండాలని ఇది రాస్తున్నాను.

కెర్నల్ అంటే లినక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, హార్డ్‌వేర్‌ను నడిపేది అదే. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకోండి. కెర్నల్ వెర్షన్‌లో కనిపించే చుక్క దశాంశ బిందువు కాదు. మన ఊళ్లో ఇంటి నంబర్లు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. 5-9 ఇల్లు దాటాక 5-10 వస్తుంది. పోస్ట్‌మ్యాన్ దాన్ని "ఐదు పాయింట్ ఒకటి" అని చదువుకుని 5-2కి ముందు వెతకడు. కెర్నల్‌దీ అదే పద్ధతి. 5.9 విడుదలైంది 2020 అక్టోబర్‌లో, 5.10 విడుదలైంది అదే ఏడాది డిసెంబర్‌లో. చుక్కకు అటూ ఇటూ ఉన్నవి విడివిడి పూర్ణాంకాలు. ఎడమ నుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ రావాలి.

మనిషికి ఇది ఒకసారి చెబితే చాలు. కంప్యూటర్‌కు మాత్రం ప్రతిసారీ చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో నేను దగ్గరుండి చూశాను. ఒకచోట పనిచేసేటప్పుడు, పాత కెర్నళ్లను వాటంతటవే తీసేసే చిన్న స్క్రిప్ట్ ఒకటి నడిచేది. మామూలు సార్ట్‌తో వరుస పెట్టి, పైనున్నది పాతదనుకుని తీసేయడం దాని పని. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేదు. ఉబుంటు 20.04లో కెర్నల్ 5.4.0-99 దాటి 5.4.0-100 వచ్చిన రోజున అది తప్పింది. అక్షరాల వరుసలో 1 అనేది 9 కంటే ముందు కదా! వందను పాతదిగా లెక్కగట్టి, అప్పుడే వచ్చిన కెర్నల్‌ను తీసేసింది. మెషిన్లు ఆగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. భద్రతా ప్యాచ్‌లు పడ్డాయనే అనుకుంటూ కొన్ని వారాలు గడిపాం.

కావలసినవి

లినక్స్ ఉన్న మెషిన్ ఒకటి, అందులో టెర్మినల్. వర్చువల్ మెషిన్ అయినా సరే. మొదటి ఐదు మెట్లకూ రూట్ అధికారం (సిస్టమ్‌లో ఏదైనా మార్చగల అధికారం) అక్కర్లేదు, ఆ కమాండ్లు చూసి చెబుతాయే తప్ప దేన్నీ మార్చవు. ఉబుంటు, డెబియన్ అయితే లినక్స్-బేస్ అనే ప్యాకేజీ ఉండాలి. మామూలుగా అది కెర్నల్‌తో పాటే వచ్చేసి ఉంటుంది. రెడ్ హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరా అయితే ఆర్‌పీఎమ్‌డెవ్‌టూల్స్ ప్యాకేజీ వేసుకోండి.

కమాండ్లన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాలతో రాశాను. మీరు టైప్ చేసేది ఇంగ్లీషు చిన్న అక్షరాలతో. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి అక్కడే చెబుతాను. అంకెలు, చుక్కలు, అడ్డగీతలు, కోట్లు మాత్రం ఎలా కనిపిస్తే అలాగే కొట్టండి.

1. ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూడండి

యూనేమ్ -ఆర్

యూనేమ్ అంటే యు, ఎన్, ఎ, ఎమ్, ఇ. జవాబు ఇలాంటిది వస్తుంది:

5.15.0-91-జెనరిక్

ఇందులో 5.15 అనేది కెర్నల్ శ్రేణి. మూడో స్థానంలో సున్నా. అడ్డగీత తర్వాత 91 అనేది ఉబుంటు వాళ్లు తమ ప్యాకేజీకి ఇచ్చుకున్న సంఖ్య. జెనరిక్ అన్నది రకం. ఉబుంటులో మూడో స్థానంలో ఉన్న సున్నా కదలదు, పెరిగేదంతా 91 దగ్గరే. ఈ సంగతి ఆరో మెట్టులో చాలా అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇదే కమాండ్‌ను -ఆర్ బదులు -వి పెట్టి కొడితే బిల్డ్ సంఖ్య, తేదీ వస్తాయి. వి అక్షరం చూసి అదే వెర్షన్ అనుకుని స్క్రిప్టుల్లో వాడేవాళ్లను చాలామందిని చూశాను. పోల్చడానికి అది పనికిరాదు.

డాకర్ కంటైనర్‌లో కూర్చుని ఈ కమాండ్ కొడితే కనిపించేది హోస్ట్ మెషిన్ (కంటైనర్‌ను నడుపుతున్న అసలు మెషిన్) కెర్నల్. కంటైనర్‌కు సొంత కెర్నల్ ఉండదు. "ఇమేజ్‌లో డెబియన్ 12 పెట్టాను, కెర్నల్ వేరేది చూపిస్తోంది" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

2. మెషిన్‌లో ఏమేం ఉన్నాయో జాబితా తీయండి

ఉబుంటు, డెబియన్‌లో:

లినక్స్-వెర్షన్ లిస్ట్

రెడ్ హ్యాట్ కుటుంబంలో, వెర్షన్ 8 నుంచి:

ఆర్‌పీఎమ్ -క్యూ కెర్నల్-కోర్

రెండూ లేని చోట బూట్ డైరెక్టరీలో వీఎమ్‌లినజ్ అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లు చూడండి. లినక్స్ స్పెల్లింగే, చివర ఎక్స్‌కు బదులు జెడ్, ముందు వి, ఎమ్. ఆ పేరు తర్వాత అడ్డగీత, దాని తర్వాత ఉన్నదంతా వెర్షనే.

లిబ్ డైరెక్టరీలోని మాడ్యూల్స్ ఫోల్డర్ చూసి లెక్కపెట్టే అలవాటు కొందరికి ఉంది. అది నమ్మకండి. కెర్నల్ తీసేశాక కూడా ఏదో ఒక ఫైల్ మిగిలి ఉంటే ఆ ఫోల్డర్ అక్కడే ఉండిపోతుంది. లేని కెర్నల్ ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఒకటో మెట్టులో వచ్చినది, ఈ జాబితాలో అన్నిటికంటే కొత్తది ఒకటేనా చూడండి. కాకపోతే కారణం తొంభై పాళ్లు ఒక్కటే: అప్‌డేట్ అయింది, రీబూట్ కాలేదు. కొత్త కెర్నల్ డిస్క్ మీద ఉంది, మెమరీలో నడుస్తున్నది పాతది. ఉబుంటులో వార్ కింద రన్ డైరెక్టరీలో రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైల్ కనిపిస్తే అది రీబూట్ అడుగుతున్నట్టు లెక్క. రెడ్ హ్యాట్ వైపు నీడ్స్-రీస్టార్టింగ్ -ఆర్ అనే కమాండ్ ఆ మాట నేరుగా చెబుతుంది.

3. చిన్న పరీక్ష పెట్టుకోండి

దీన్ని దాటేయకండి. మీ మెషిన్‌లోని సార్ట్ ఎలా ప్రవర్తిస్తుందో కళ్లారా చూస్తేనే మిగతాది ఒంటబడుతుంది. నానోలోనో విమ్‌లోనో లిస్ట్ అనే పేరుతో ఒక ఫైల్ తెరిచి, వరుసకు ఒకటి చొప్పున ఇవి రాయండి: 5.4.0, 5.10.0, 5.9.0, 5.15.0, 6.1.0, 4.19.0.

మొదట ఏ గుర్తూ లేకుండా:

సార్ట్ లిస్ట్

వచ్చేది ఇది:

4.19.0
5.10.0
5.15.0
5.4.0
5.9.0
6.1.0

5.10 వచ్చి 5.4 మీద కూర్చుంది. నిఘంటువులో మాటలను పేర్చినట్టు అక్షరం అక్షరం చూసి పేర్చింది. చాలామంది ఇక్కడ "అంకెలు కదా, -ఎన్ పెడితే సరి" అనుకుంటారు. పెట్టి చూడండి:

సార్ట్ -ఎన్ లిస్ట్

అదే తప్పు వరుస మళ్లీ వస్తుంది, ఈసారి కారణం వేరు. -ఎన్ మొదటి చుక్కను దశాంశ బిందువుగా చదువుతుంది. 5.10 అంటే దానికి ఐదున్నర కూడా కాదు, ఐదు పాయింట్ ఒకటి. ఇక సరైనది:

సార్ట్ -వీ లిస్ట్

ఇక్కడ వి పెద్ద అక్షరం. వచ్చే వరుస:

4.19.0
5.4.0
5.9.0
5.10.0
5.15.0
6.1.0

కొత్తది పైన కావాలంటే ఆర్ కూడా కలపండి. ఫైళ్ల జాబితాను నేరుగా ఈ వరుసలో చూడాలంటే ఎల్ఎస్ కమాండ్‌కూ ఇలాంటి గుర్తు ఉంది, కానీ అక్కడ చిన్న వి. గ్రెప్‌లో చిన్న వి అంటే "ఇది తప్ప మిగతావి" అని అర్థం. ఒకే అక్షరానికి కమాండ్‌నుబట్టి అర్థం మారుతుంది కాబట్టి, కాపీ చేసి అతికించే ముందు ఒకసారి చూసుకోండి.

ఏదైనా చిన్న సిస్టమ్‌లో సార్ట్‌కు పెద్ద వి తెలియకపోతే, చుక్కల దగ్గర విడగొట్టి ఒక్కో భాగాన్నీ అంకెగా పోల్చమని చెప్పొచ్చు:

సార్ట్ -టి . -కె 1,1ఎన్ -కె 2,2ఎన్ -కె 3,3ఎన్ లిస్ట్

అన్నీ చిన్న అక్షరాలే. ఇది శుద్ధమైన మూడంకెల వెర్షన్లకు బాగా పనిచేస్తుంది. 5.4.0-100 లాంటివి ఇస్తే అడ్డగీత తర్వాతి భాగాన్ని పట్టించుకోదు. అలాంటప్పుడు ముందు టిఆర్ కమాండ్‌తో అడ్డగీతలను చుక్కలుగా మార్చి, నాలుగో భాగానికి కూడా -కె 4,4ఎన్ చేర్చండి.

4. రెండింటిని పోల్చండి

వరుసలో పెట్టడం ఒక పని, "ఇది దానికంటే కొత్తదా, అవునా కాదా" అని అడగడం ఇంకో పని. స్క్రిప్టుల్లో కావలసింది రెండోదే. ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే, కాబట్టి తప్పులతోనే మొదలుపెడతాను.

ఒక చదరపు కుండలీకరణంలో -జిటి పెట్టి 5.10ని, 5.9ని పోల్చబోతే బ్యాష్ ఒప్పుకోదు, పూర్ణాంకం కాదని చెప్పి ఆగుతుంది. ఇది మంచి తప్పు, కనీసం కనబడుతుంది. రెండు చదరపు కుండలీకరణాల మధ్య > గుర్తు పెడితే ఏ తిట్టూ రాదు, అక్షరాలుగా పోల్చి తప్పు జవాబు ఇస్తుంది. అన్నిటికంటే ప్రమాదం ఇదిగో ఇది:

[ 5.10 > 5.9 ]

ఒక్క కుండలీకరణంలో ఆ గుర్తు పోలిక కాదు, ఫైల్‌లోకి మళ్లించే గుర్తు. జవాబు ఎప్పుడూ "అవును" అనే వస్తుంది. పైగా మీరున్న డైరెక్టరీలో 5.9 అనే పేరుతో ఖాళీ ఫైల్ పుడుతుంది. ఎప్పుడైనా సర్వర్‌లో అంకెల పేర్లతో సున్నా సైజు ఫైళ్లు కనిపిస్తే, ఏదో స్క్రిప్ట్‌లో ఈ వరుస ఉందన్నమాట. వెతికి పట్టుకోండి.

సరైన దారి మీ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీ) ఏదన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఉబుంటు, డెబియన్:

లినక్స్-వెర్షన్ కంపేర్ 5.4.0-100-జెనరిక్ జిటి 5.4.0-99-జెనరిక్

జిటి అంటే మొదటిది పెద్దదా అని. చిన్నదా అంటే ఎల్‌టి, సమానమా అంటే ఈక్యూ, పెద్దది లేదా సమానం అంటే జిఈ. కమాండ్ ఏమీ ప్రింట్ చేయదు. వెంటనే ఎకో $? కొట్టండి. 0 వస్తే అవును, 1 వస్తే కాదు. సున్నా అంటే అవునేంటని మొదట్లో తికమకగా ఉంటుంది. షెల్‌లో సున్నా అంటే "తప్పేమీ లేదు" అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది. మధ్యలో ఇంకే కమాండ్ కొట్టినా ఆ $? మారిపోతుంది, అందుకే వెంటనే అన్నాను.

డీపీకేజీ కమాండ్‌కు కూడా --కంపేర్-వెర్షన్స్ అనే గుర్తు ఉంది, అదీ ఇలాగే పనిచేస్తుంది. ప్యాకేజీ వెర్షన్లకు అది సరైనది. యూనేమ్ చూపించే పేర్లకు మాత్రం లినక్స్-వెర్షన్ వాడండి. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

రెడ్ హ్యాట్ కుటుంబం:

ఆర్‌పీఎమ్‌డెవ్-వెర్‌సీఎమ్‌పీ 4.18.0-553.5.1.ఈఎల్8_10 4.18.0-553.ఈఎల్8_10

ఇది ఏది పెద్దదో తెరమీద కూడా రాసి చూపిస్తుంది. $? మాత్రం వేరుగా ఉంటుంది: సమానమైతే 0, మొదటిది కొత్తదైతే 11, రెండోది కొత్తదైతే 12. డెబియన్ స్క్రిప్ట్‌ను ఇక్కడికి తెచ్చి అతికించినవాళ్లు ఈ 11 చూసి కమాండ్ ఫెయిలయిందనుకుంటారు.

ఆర్చ్: వెర్‌సీఎమ్‌పీ అనే కమాండ్ పాక్‌మ్యాన్‌తోనే వస్తుంది. రెండు వెర్షన్లు ఇస్తే 1, 0, -1లలో ఒకటి ప్రింట్ చేస్తుంది.

ఏ డిస్ట్రో అయినా నడవాల్సిన స్క్రిప్ట్ అయితే సార్ట్‌నే అడగొచ్చు. "ఈ రెండూ చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో ఉన్నాయా?" అని:

ప్రింట్ఎఫ్ '%ఎస్\ఎన్' 5.10.0 $(యూనేమ్ -ఆర్) | సార్ట్ -వీ -సీ

చివరి వి, సి రెండూ పెద్ద అక్షరాలు. మిగతావన్నీ చిన్నవి. మొదట కనీసం కావలసిన వెర్షన్, తర్వాత నడుస్తున్నది. $? సున్నా అయితే మీ కెర్నల్ 5.10 లేదా అంతకంటే కొత్తది.

ఇక్కడ కనీస వెర్షన్‌ను 5.10.0 అని పూర్తిగా ఎందుకు రాశానో గమనించండి. సార్ట్ దృష్టిలో 5.10, 5.10.0 ఒకటి కావు, చివర సున్నా ఉన్నది పెద్దది. కెర్నల్ మూలాన్ని విడుదల చేసేటప్పుడు 5.10 అనే పిలుస్తారు, దాన్ని కట్టి నడిపితే యూనేమ్ 5.10.0 అంటుంది. పోల్చే రెండు వైపులా మూడంకెలు ఉండేలా చూసుకుంటే ఈ గొడవ రాదు.

5. సార్ట్ కూడా తప్పే రెండు చోట్లు

"పెద్ద వి పెట్టాను కదా, ఇంకేం భయం" అనుకుంటారు చాలామంది. రెండు చోట్ల అదీ తప్పుతుంది. చాలా స్క్రిప్టుల్లో ఈ రెండూ దాక్కుని ఉంటాయి.

మొదటిది ఆర్‌సీ కెర్నళ్లు. అసలు విడుదలకు ముందు పరీక్షకు వదిలేవి, 6.8.0-ఆర్‌సీ1 లాగా. ఇవి 6.8.0 కంటే పాతవి. సార్ట్‌కు అది తెలియదు. దాని లెక్కలో చివర ఏదైనా అదనంగా ఉంటే అది పెద్దదే, కాబట్టి ఆర్‌సీని అసలు విడుదల తర్వాత పెడుతుంది. లినక్స్-వెర్షన్ కమాండ్‌కు మాత్రం ఈ ఆనవాయితీ తెలుసు, సరిగ్గా ముందు పెడుతుంది. లినక్స్-వెర్షన్ సార్ట్ అని పిలిచి మీ జాబితాను దానికి పైపు ద్వారా ఇవ్వండి. అది లేనిచోట ఒక ఉపాయం ఉంది. ~ గుర్తును సార్ట్ "ఏమీ లేకపోవడం కంటే కూడా చిన్నది"గా చూస్తుంది. ఆర్‌సీకి ముందున్న అడ్డగీతను తాత్కాలికంగా ~ చేసి, వరుస పెట్టి, మళ్లీ వెనక్కి మార్చండి:

సెడ్ 'ఎస్/-ఆర్‌సీ/~ఆర్‌సీ/' లిస్ట్ | సార్ట్ -వీ | సెడ్ 'ఎస్/~ఆర్‌సీ/-ఆర్‌సీ/'

రెండోది రెడ్ హ్యాట్ కుటుంబంలో వస్తుంది, నాకు తెలిసినవాటిలో అతి సూక్ష్మమైన తప్పు ఇదే. ఈ రెండింటినీ దగ్గరగా చూడండి:

4.18.0-553.ఈఎల్8_10.ఎక్స్86_64
4.18.0-553.5.1.ఈఎల్8_10.ఎక్స్86_64

మొదటిది వెర్షన్ 8.10తో వచ్చిన మూల కెర్నల్. రెండోది దాని మీద తర్వాత వచ్చిన అప్‌డేట్. 553 దాకా రెండూ ఒకటే, ఆ తర్వాత చుక్క కూడా ఒకటే. అక్కడ మొదటిదానిలో ఈ అనే అక్షరం, రెండోదానిలో 5 అనే అంకె. సార్ట్ సూత్రం ప్రకారం ఆ చోట అంకె కంటే అక్షరం పెద్దది. అందుకని పాత కెర్నల్‌ను కొత్తదిగా చూపిస్తుంది! ఆర్‌పీఎమ్ సూత్రం సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. అక్కడ అక్షరం కంటే అంకె పెద్దది. ప్యాకేజీకి పేరు పెట్టినవాళ్లు ఆర్‌పీఎమ్ సూత్రం మనసులో పెట్టుకుని పెట్టారు కాబట్టి తీర్పు ఆర్‌పీఎమ్‌దే.

అందుకే రెడ్ హ్యాట్ వైపు ఆర్‌పీఎమ్‌డెవ్-సార్ట్ వాడండి. అది వేయడానికి వీల్లేని సర్వర్ అయితే, పోల్చే ముందు ఈఎల్ నుంచి చివరిదాకా ఉన్న తోకను కత్తిరించండి:

సెడ్ 'ఎస్/\.ఈఎల్.*//' లిస్ట్ | సార్ట్ -వీ

అప్పుడు మిగిలేవి 4.18.0-553, 4.18.0-553.5.1. వీటిని సార్ట్ సరిగ్గానే పేరుస్తుంది.

ఇంతా చెప్పింది ఎందుకంటే, వెర్షన్ల వరుస అనేది లోకమంతటికీ ఒకే సూత్రం కాదు. ఆ పేరు ఎవరు పెట్టారో వాళ్ల పనిముట్టునే అడగాలి. సార్ట్ చేతిలో ఉంది కదా అని అన్నిటికీ అదే వాడటం నాకు నచ్చదు. తాత్కాలికంగా చూసుకోవడానికి వాడండి, ఏదైనా తొలగించే స్క్రిప్ట్‌లో మాత్రం వద్దు.

6. భద్రత కోసం పోలుస్తుంటే ఇక్కడ ఆగండి

"ఫలానా లోపం ఫలానా వెర్షన్‌లో సరిచేశారట, మన కెర్నల్ అంతకంటే పెద్దది, అంటే మనం క్షేమమే కదా?" కాదు. అంత నేరుగా కాదు.

2022 మార్చిలో బయటపడిన డర్టీ పైప్ లోపాన్నే తీసుకోండి, దాని సీవీఈ సంఖ్య (భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) సీవీఈ-2022-0847. మామూలు యూజర్‌కు రూట్ అధికారం దక్కించే లోపం అది. 5.8లో కెర్నల్‌లోకి వచ్చింది. సరిచేసింది మూడు చోట్ల: 5.10.102, 5.15.25, 5.16.11. ఇప్పుడు మీ మెషిన్‌లో 5.16.5 ఉందనుకోండి. 5.15.25 కంటే అది పెద్దదే. అయినా లోపం అందులో ఉంది. అదే 5.10.110 ఉందనుకోండి. 5.15.25 కంటే చిన్నది, అయినా క్షేమం. 5.4 అయితే అసలు లోపమే లేదు.

కాబట్టి ఒక్క హద్దు గీసి "అంతకంటే పెద్దదా" అని అడగకండి. ముందు మొదటి రెండంకెలు చూసి ఏ శ్రేణిలో ఉన్నారో తేల్చుకోండి, ఆ శ్రేణికి చెప్పిన హద్దుతోనే మూడో అంకెను పోల్చండి.

ఇది కూడా కెర్నల్.ఆర్గ్ నుంచి నేరుగా తెచ్చుకుని కట్టుకున్న కెర్నల్‌కే. డిస్ట్రో కెర్నల్ అయితే ఇంకో మెలిక ఉంది. వాళ్లు పై వెర్షన్లలోని దిద్దుబాట్లను తమ పాత వెర్షన్‌లోకే తెచ్చి కలుపుతారు. రెడ్ హ్యాట్ 8 చివరిదాకా 4.18.0 అనే చెబుతుంది. ఉబుంటు 5.15.0-91ని సార్ట్ చేతికిస్తే 5.15.25 కంటే చిన్నదంటుంది, నిజానికి అందులో దానికంటే చాలా తర్వాతి దిద్దుబాట్లు కూడా కలిసి ఉన్నాయి. మూడో స్థానంలోని సున్నా కదలదని ఒకటో మెట్టులో చెప్పింది ఇందుకే.

అసలు సంఖ్య ఎక్కడ దొరుకుతుంది? ఉబుంటులో ప్రాక్ డైరెక్టరీలో వెర్షన్_సిగ్నేచర్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని క్యాట్‌తో చదవండి. చివరి మాట కెర్నల్.ఆర్గ్ మూల కెర్నల్ సంఖ్య. డెబియన్‌లో నేను వద్దన్న యూనేమ్ -వి ఇక్కడ అక్కరకొస్తుంది. యూనేమ్ -ఆర్ 6.1.0-18-ఏఎండీ64 అన్నప్పుడు, -వి ఇచ్చే వరుసలో డెబియన్ అనే మాట పక్కన 6.1.76-1 కనిపిస్తుంది. రెడ్ హ్యాట్ వైపు మూల సంఖ్య వెతకడంలో అర్థం లేదు. ఆ ప్యాకేజీ మార్పుల చిట్టాలో సీవీఈ సంఖ్య ఉందో లేదో చూడటమే దారి:

ఆర్‌పీఎమ్ -క్యూ --చేంజ్‌లాగ్ కెర్నల్-కోర్ | గ్రెప్ 2022-0847

ఇది మెషిన్‌లో ఉన్న కెర్నళ్లన్నిటి చిట్టాలూ కలిపి చూస్తుంది. నడుస్తున్నదాని గురించే తెలియాలంటే కెర్నల్-కోర్ తర్వాత అడ్డగీత పెట్టి యూనేమ్ -ఆర్ చెప్పిన వెర్షన్ కూడా చేర్చండి. ఏమీ రాకపోతే వెంటనే కంగారు పడకండి, ఆ లోపం గురించి డిస్ట్రో వాళ్లు ప్రకటించిన పేజీ చూసి నిర్ధారించుకోండి.

7. పాతవి తీసేసే ముందు

మొదట చెప్పాల్సింది, వీలైతే ఈ పని చేత్తో చేయకండి. ఉబుంటు, డెబియన్‌లో ఏపీటీ ఆటోరిమూవ్ ఉంది. రెడ్ హ్యాట్ వైపు డీఎన్ఎఫ్ అమరికల్లో ఇన్‌స్టాల్‌ఓన్లీ_లిమిట్ అనే విలువ ఉంటుంది, మామూలుగా అది 3. అంతకుమించిన పాతవి వాటంతటవే పోతాయి. వీటికి వరుస సూత్రం సరిగ్గా తెలుసు.

బూట్ పూర్తిగా నిండిపోయి ఇవి కూడా నడవని పరిస్థితి వస్తే చేత్తో చేయక తప్పదు. అప్పుడు ఈ మూడు విషయాల్లో జాగ్రత్త.

నడుస్తున్నదాన్ని జాబితా నుంచి పక్కన పెట్టాలి. దానికి గ్రెప్ వాడేటప్పుడు చిన్న వి ఒక్కటే సరిపోదు:

లినక్స్-వెర్షన్ లిస్ట్ | గ్రెప్ -వి -ఎక్స్ -ఎఫ్ "$(యూనేమ్ -ఆర్)"

వి, ఎక్స్ చిన్నవి, ఎఫ్ పెద్దది. ఎక్స్ అంటే వరుస మొత్తం సరిపోవాలని, పెద్ద ఎఫ్ అంటే చుక్కను చుక్కగానే చూడమని. ఇవి లేకపోతే గ్రెప్ చుక్కను "ఏ అక్షరమైనా" అని చదువుకుంటుంది, వరుసలో ఓ ముక్క సరిపోయినా చాలనుకుంటుంది. అప్పుడు మీకు కావలసిన దానికంటే ఎక్కువో తక్కువో జాబితా నుంచి మాయమవుతాయి.

రెడ్ హ్యాట్ కుటుంబంలో బూట్ డైరెక్టరీ చూసి జాబితా తీశారా? అక్కడ వీఎమ్‌లినజ్-0-రెస్క్యూ అని మొదలై, వెనక పొడవాటి సంఖ్య ఉన్న ఫైల్ ఒకటి కనిపిస్తుంది. వరుసలో పెడితే ఆ సున్నా వల్ల అది అన్నిటికంటే పైన, అంటే "అన్నిటికంటే పాతది"గా నిలబడుతుంది. అది పాత కెర్నల్ కాదు. మిగతావేవీ బూట్ కానప్పుడు మిమ్మల్ని గట్టెక్కించేది అదే. జాబితా నుంచి ముందే తీసి పక్కన పెట్టండి.

మూడోది, రకాలు కలపకండి. ఒకే మెషిన్‌లో జెనరిక్, లోలేటెన్సీ రెండూ ఉంటే వాటిని విడివిడి జాబితాలుగా చేసి పోల్చండి. లేకపోతే "చివరి రెండు ఉంచు" అన్న చోట ఒకే వెర్షన్‌కు చెందిన రెండు రకాలు మిగిలి, వెనక్కి వెళ్లడానికి పాత కెర్నల్ ఒక్కటీ లేకుండా పోతుంది.

తొలగించడం ఎప్పుడూ ప్యాకేజీ మేనేజర్ ద్వారానే. బూట్‌లోకి వెళ్లి ఫైళ్లను ఆర్ఎమ్‌తో తీసేస్తే గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌ను ఎంచుకునే జాబితాలో) పేరు అలాగే ఉంటుంది, వెనక కెర్నల్ ఉండదు.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

స్క్రిప్ట్ రాసి ఉంటే, దాన్ని సర్వర్ మీద వదలకముందు ఈ జతలు ఇచ్చి చూడండి. ప్రతిదానిలోనూ రెండోదే కొత్తదని రావాలి.

5.9.0, 5.10.0
5.4.0-99-జెనరిక్, 5.4.0-100-జెనరిక్
4.20.0, 5.0.0
6.8.0-ఆర్‌సీ7, 6.8.0
4.18.0-553.ఈఎల్8_10.ఎక్స్86_64, 4.18.0-553.5.1.ఈఎల్8_10.ఎక్స్86_64

మొదటి మూడూ సార్ట్‌కు పెద్ద వి పెడితే నెగ్గుతాయి. నాలుగోది, ఐదోది నెగ్గాయంటే మీ స్క్రిప్ట్ సరైన పనిముట్టును పిలుస్తోందని అర్థం. ప్రతి జతనూ తిరగేసి కూడా ఇవ్వండి, జవాబు కూడా తిరగబడాలి. రెండు వైపులా "అవును" అనే వస్తుంటే, నాలుగో మెట్టులో చెప్పిన ఒంటి కుండలీకరణం ఎక్కడో ఉన్నట్టే.

వెర్షన్‌ను ఒకే సంఖ్యగా మార్చి పోల్చే పద్ధతి కూడా కొందరు వాడతారు: మొదటి అంకెను పది లక్షలతో, రెండోదాన్ని వెయ్యితో గుణించి, మూడోది కలపడం. 5.9.0 అయితే 5009000, 5.10.0 అయితే 5010000. బాగానే పనిచేస్తుంది. వెయ్యికి బదులు 256తో గుణించకండి. కెర్నల్ మూలంలో పాత లెక్క అలాగే ఉండేది, మూడో అంకెకు 255 దాకానే చోటు. 4.4, 4.9 శ్రేణులు 2021 ఫిబ్రవరిలో 256కు చేరినప్పుడు ఆ లెక్క పొంగి పక్క అంకెలోకి పోయే పరిస్థితి వచ్చింది. అక్కడ మూడో అంకెను 255 దగ్గరే ఆపేసేలా మార్చారు. మీ స్క్రిప్ట్‌లో వెయ్యి పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

చివరగా, కెర్నల్ మార్చిన ప్రతిసారీ రీబూట్ అయ్యాక యూనేమ్ -ఆర్ మళ్లీ కొట్టి, మీరు అనుకున్న వెర్షనే పైకి లేచిందని చూసుకున్నాకే మిగిలిన పాతదాని మీద చేయి వేయండి.